గడువుకంటే ముందు

మా అమ్మాయికి వయసు దాటిపోయిన రోజున నేను ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. అది లోపలి గదిలోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"హో గయా మమ్మీ," అంది.

"ఏటయిపోయిందే?"

"ఏజ్ లిమిట్. ఆజ్ సే ఓవర్." ఫోను కుట్టుమిషను పక్కన పెట్టేసి స్నానానికి వెళ్ళిపోయింది. నేను తెలుగులో ఏది అడిగినా దాని జవాబు హిందీలోనే వస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే. ఆ రోజు మాత్రం ఏ భాషలోనూ ఇంకో మాట రాలేదు.

అది ఒక సర్కారీ ఉద్యోగం పరీక్ష. డిగ్రీ అయిన దగ్గర్నుంచీ దానికోసమే చదివింది. మొదటిసారి రాసొచ్చింది, బాగా రాశానంది. వారం తిరక్కుండా ప్రశ్నపత్రం ముందే బయటికొచ్చేసిందని ఆ పరీక్షే కొట్టేశారు. రెండోసారి సెంటరు వేరే ఊళ్ళో పడింది. నేనూ దానితో రైలెక్కి వెళ్ళాను. గేటు ముందు ఎండలో పిల్లలంతా నిలబడి ఉండగా వాయిదా వేశామని కాగితం అంటించారు. ఆ తర్వాత మొత్తం నోటిఫికేషనే రద్దు చేశారు. మళ్ళీ కొత్తది ఎప్పుడు వేస్తారో ఎవరూ చెప్పలేదు. ఈలోపు పుట్టినరోజులు ఆగవు కదా. ఆ రోజు దాని పుట్టినరోజే. పాయసం చేద్దామని పాలు తెచ్చి పెట్టాను. ఆ పాలు టీలకే అయిపోయాయి.

మేము ఉండేది హిందీ మాట్లాడే ఊళ్ళో, గోవింద్‌పూర్ అనే పేటలో, ట్రక్కుల ఫ్యాక్టరీకి దగ్గర్లోనే. మా ఆయన ట్రక్కు బాడీలు కట్టే ఒక షెడ్డులో కాంట్రాక్టు వెల్డరు. డ్యూటీ అయ్యాక పార్టీ మనిషి. ఢిల్లీలో కుర్చీలో ఉన్న పార్టీయే ఆయన పార్టీ. మా బూత్ పని అంతా ఆయనదే. ఎవరు చచ్చినా, ఎవరింట్లో పెళ్ళయినా పార్టీ కండువాతోనే వెళ్తాడు. నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఆడవాళ్ళు కొలతలకని వచ్చి, కూర్చుని, కష్టం సుఖం చెప్పుకుని వెళ్తారు. పార్టీ మాటలు మా ఆయన బయటే వదిలేసి వచ్చేవాడు, నేనూ ఎత్తేదాన్ని కాదు. అలా చాలా ఏళ్ళు బాగానే గడిచాయి.

అగ్రికో పేట నుంచి ఒకావిడ నా దగ్గర బట్టలు కుట్టించుకునేది. బళ్ళో హిందీ పాఠాలు చెప్పి రిటైరయింది. నేను దీదీ అనేదాన్ని. ఆవిడ చేతిసంచీలో ఒక ఫైలు ఉండడం రెండుమూడు సార్లు చూశాను. వేరే ఆడవాళ్ళతో బయట అరుగు మీద మాట్లాడి సంతకాలు పెట్టించుకోవడమూ చూశాను. నన్ను మాత్రం అడగలేదు. ఒకరోజు నేనే అడిగాను.

"అందరినీ అడుగుతున్నారు, నన్నెందుకు అడగలేదు దీదీ?"

ఆవిడ మొహమాటపడింది. "మీ ఆయన పార్టీలో ఉన్నారు కదా. నీకు ఇబ్బంది అవుతుందని," అంది హిందీలో.

"ముందు చూపించండి."

రాష్ట్రపతికి రాసిన అర్జీ అది. ఏ పార్టీదీ కాదు. ఊళ్ళో కొంతమంది రిటైరైన టీచర్లు, ఉద్యోగాలు రాని పిల్లల తల్లిదండ్రులు, ఫ్యాక్టరీల్లోంచి తీసేసిన కొందరు కార్మికులు కలిసి రాశారు. నాకు తెలుగు బళ్ళో నేర్చిన హిందీ ఉంది, నెమ్మదిగా చదువుకోగలను. ఉద్యోగాల మీద, ధరల మీద ఇచ్చిన మాట నిలబడలేదనీ, ఈ ప్రభుత్వం గడువు తీరేదాకా ఆగకుండా ఇప్పుడే మళ్ళీ జనం దగ్గరికి రావాలనీ, లోక్‌సభ రద్దు చేసి దేశమంతా ముందుగానే ఎన్నికలు పెట్టించమనీ అందులో ఉంది.

"ఇలా అడిగితే ఎలక్షన్ పెడతారా?" అన్నాను.

"పెట్టకపోవచ్చు," అంది దీదీ. "మనం అడిగితే పెట్టి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు."

"మరి?"

"అడక్కూడదని కూడా లేదు."

"వాళ్ళకింకా ఎంత గడువుంది?"

"సగం పైనే ఉంది."

నేను లోపలి గది వైపు చూశాను. అమ్మాయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పుస్తకాలన్నీ గోనెసంచిలో కుక్కి మూల పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ గడువుకి పరీక్షల్లేవు, వాయిదాల్లేవు, రద్దుల్లేవు. ఎవరేం చేసినా, చెయ్యకపోయినా ఆఖరి రోజుదాకా కుర్చీలో కూర్చుంటారు. మా పిల్ల గడువు మాత్రం గేటు బయట నిలబడే అయిపోయింది. అది ఏ తప్పూ చెయ్యలేదు, ఎండలో నిలబడడం తప్ప.

పెన్ను తీసుకుని తెలుగులో సంతకం పెట్టాను. దీదీ దాన్ని చూసి, "ఇది పైవాళ్ళు చదవగలరా?" అని నవ్వింది. "చదివించుకోమనండి," అన్నాను. "ఖాళీ కాగితాలుంటే కొన్ని నాకివ్వండి."

ఆ రోజునుంచి నేనూ అడగడం మొదలుపెట్టాను. టేపు మెడలో వేసుకుని కొలతలు తీసుకుంటూ అడిగేదాన్ని. ఒక్కటి మాత్రం పట్టుబట్టాను. చదవకుండా ఎవరూ సంతకం పెట్టకూడదు. చదువు రానివాళ్ళకి నేనే మొత్తం చదివి, తెలుగులో చెప్పి, తర్వాతే పెన్నిచ్చాను. రేషన్ కోసమనుకుని ఒకామె గబగబా పెట్టబోతే కాగితం వెనక్కి లాక్కున్నాను. "ఇది రేషన్ కాదు. ఎలక్షన్ ముందే పెట్టమని. ఇష్టమైతేనే పెట్టు." ఆవిడ ఆలోచించి, వద్దని వెళ్ళిపోయింది. పోతే పోనీ అనుకున్నాను.

పర్సుడీహ్ నుంచి ఒక రైల్వే ఆయన భార్య వచ్చింది. మా తెలుగువాళ్ళే, కూతురి పెళ్ళికి జాకెట్లు కుట్టించుకుంటోంది. విషయం వినగానే కంగారు పడిపోయింది.

"ఓలమ్మో, నాను సంతకం పెడితే మా ఆయన్ని ఏ మూలకో ట్రాన్స్‌ఫర్ సేసెత్తారు!"

"ఆయన్ని పెట్టమన్లేదు గదా. నువ్వు రైల్వేలో ఉన్నావేటి?"

"నాను లేకపోతే ఏటి, ఉండేది రైల్వే కోర్టర్లోనే గదా," అంది. సంతకం పెట్టలేదు. జాకెట్లు కుట్టించుకుని వెళ్ళి మళ్ళీ రాలేదు. భయం ఆవిడ తప్పు కాదు, కానీ బాధేసింది.

మా పక్కింటి ముసలామె మాత్రం అంతా విని, బుగ్గన చెయ్యి పెట్టుకుని అడిగింది. "అయితే ఇప్పుడే ఎలక్షనొత్తే ఎవులు గెలుత్తారే?"

"తెల్దు పిన్నీ."

"మరెందుకు ఈ కష్టం?"

"గెలిసినోళ్ళు ఎవులైనా ముందు మన గుమ్మం ఎక్కాల గదా. అప్పుడు అడగొచ్చు."

"అవున్లే. ఓట్లప్పుడు తప్ప కనపడరు," అని వేలిముద్ర వేసి, సిరా కొంగుకి తుడుచుకుని, ఇంటికెళ్ళి తన కోడల్ని పంపింది.

ఇలాంటివి దాగవు. మా ఆయనకి టీ దుకాణం దగ్గర ఎవరో చెప్పారు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పలేదు.

"ఏటే, నువ్వు మా గవర్నమెంటుని దించెయ్యమని సంతకాలు పెట్టిత్తన్నావంట?"

"దించెయ్యమని కాదు. ఎలక్షన్ ముందే పెట్టమని."

"రెండూ ఒకటే! ఆ టీ కొట్టు దగ్గర నా మొహం మీదే నవ్వుతున్నారు. నాను బూత్ సూసుకుంటాను, నా ఇంట్లోనే ఇది. నా ఇజ్జతేటి కావాల?"

"నా పిల్ల బతుకేటి కావాల మావా?"

"దానికీ దీనికీ ఏటి సంబంధం?"

"నీకు కనపడదేటి? అన్నేళ్ళు సదివింది. నువ్వు మీ వాళ్ళని ఒక్కసారి అడిగావేటి? ఆ పరీక్షేటయిందని, ఆ పిల్లలేటయిపోవాలని, ఒక్క మీటింగులో లేచి అడిగావేటి?"

ఆయన చెప్పులు విప్పి మూలకి తోశాడు. తర్వాత మెల్లిగా, "ఆ కాయితాలు ఇచ్చీ," అన్నాడు.

"ఇవ్వను."

"ఇచ్చీమంటన్నాను."

"నువ్వు ఇన్నేళ్ళు కండువా ఏసుకుని తిరిగావు. నాను ఎప్పుడైనా తీసీమన్నానా? నీ పార్టీ నీది. ఈ కాయితం నాది."

ఆయన చెయ్యి ఎత్తే మనిషి కాదు, ఆ మాట చెప్పాలి. కానీ ఆ పూట అన్నం తినలేదు. మర్నాటినుంచి తమ్ముడింట్లో తినొచ్చేవాడు. ఇంట్లో మాటలు ఆగిపోయాయి. అమ్మాయి మా ఇద్దరి మధ్యా తిరుగుతూ, "ఛోడో న మమ్మీ, క్యా ఫాయిదా," అనేది. ఫాయిదా ఏమిటో నాకూ తెలీదు. కానీ వదిలేస్తే ఇంక నేను ఈ ఇంట్లో దేనికీ నోరు తెరవలేనని మాత్రం తెలిసింది.

ఆదివారం పొద్దున్నే మా ప్రాంతం పార్టీ అధ్యక్షుడు వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు. మా ఆయన ముందు నడుచుకుంటూ తీసుకొచ్చాడు, మొహం నేలకేసి ఉంది. కుర్చీల మీద గుడ్డలు తీసి వాళ్ళని కూర్చోబెట్టాను. టీ ఇచ్చాను. అధ్యక్షుడు చాలా మర్యాదగా మాట్లాడాడు. భాభీజీ, భాభీజీ అన్నాడు. మా ఆయన పార్టీకి ఎంత చేశాడో చెప్పాడు. నాకు స్కూలు యూనిఫారాల కుట్టుపని వచ్చేది, అది ఈ అధ్యక్షుడు చెప్పి ఇప్పించినదే. ఆ సంగతి కూడా నవ్వుతూ గుర్తు చేశాడు.

"మీరు మంచివాళ్ళు భాభీజీ. ఎవరో చదువుకున్నవాళ్ళొచ్చి మిమ్మల్ని మోసం చేశారు. పింఛన్ కోసమని చెప్పి సంతకం పెట్టించుకున్నారు. అంతే కదా?"

"ఎవరూ అలా చెప్పలేదండి," అన్నాను.

"చెప్పారనే అనండి. ఒక్క నిమిషం వీడియో. మీ ఆయన గౌరవం నిలబడుతుంది, మీ పనీ నిలబడుతుంది. ఇంక ఈ విషయం ఎవరూ ఎత్తరు."

వెంట వచ్చినవాడు అప్పటికే ఫోను తీసి నా మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడమీద క్యాలెండరు చూస్తున్నాడు. వద్దనలేదు, చెయ్యమనీ అనలేదు.

ఆ యూనిఫారాల పని పోతే ఇల్లు ఎలా నడుస్తుందో నాకు తెలుసు. కానీ ఆ ఫోను చూస్తుంటే ఇంకోటి తోచింది. నేను మోసపోయానని చెబితే, ఒక్కొక్కరికీ చదివి వినిపించి సంతకం పెట్టించిన నేనే మోసగత్తెనవుతాను. ఆ ముసలామె వేలిముద్ర కూడా మోసం అయిపోతుంది. దీదీ సంగతి సరేసరి.

చీర కొంగు సర్దుకున్నాను. "తీస్తున్నారా?" అనడిగాను. తీస్తున్నానన్నాడు.

హిందీలో చెప్పాను, ఊళ్ళో అందరికీ అర్థం కావాలని. నా పేరు చెప్పాను, గోవింద్‌పూర్‌లో బట్టలు కుడతానని చెప్పాను. "ఈ అర్జీ నేను మొత్తం చదివాను. అర్థం చేసుకున్నాను. నన్నెవరూ మోసం చెయ్యలేదు. నా కూతురు చదివిన పరీక్ష ఒక్కసారీ సరిగ్గా జరగలేదు, దాని వయసు దాటిపోయింది. వాళ్ళ గడువయ్యేదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఎలక్షన్ ముందే పెట్టాలి. ఇంకో వంద కాగితాలు తెచ్చినా సంతకం పెడతాను," అన్నాను.

ఫోను పట్టుకున్నవాడు ఎక్కడ ఆపాలో తెలీక అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడి మొహంలో నవ్వు పోయింది. "బంద్ కరో," అన్నాడు.

"ఎందుకు బంద్? వీడియో కావాలన్నారుగా. అందరికీ పంపండి," అన్నాను.

అప్పుడు లోపలినుంచి అమ్మాయి వచ్చింది. అంతసేపూ తలుపు వెనకే ఉన్నట్టుంది. "అంకుల్, మేరా భీ సైన్ హై," అంది. నేను తెల్లబోయాను. అది ఎప్పుడూ సంతకం పెట్టలేదు. నేను ఒకసారి అడిగితే పుస్తకాల సంచీ వైపు తిరిగి పడుకుంది. ఇప్పుడు మిషను సొరుగు లాగి, కాగితం తీసి, వాళ్ళ టీ కప్పులు పక్కకి జరిపి, వాళ్ళ కళ్ళముందే సంతకం పెట్టింది. పెట్టి తెలుగులో వాళ్ళ నాన్నతో, "నాన్నా, నేనే పెట్టాను. అమ్మ చెప్తే పెట్టలేదు," అంది. అది తనంతట తను తెలుగులో అంత పొడుగు మాట అనడం ఎప్పుడు విన్నానో గుర్తులేదు.

వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. టీ సగమే తాగారు.

ఆ వారంలోనే మా ఆయన్ని బూత్ పనిలోంచి తీసేశారు. ఎవరూ మొహమ్మీద చెప్పలేదు, వాట్సాప్ గ్రూపులోంచి పేరు కొట్టేశారు, అంతే. నా యూనిఫారాల పని వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. అది ముందే అనుకున్నదే అయినా, కత్తిరించి పెట్టుకున్న ముక్కలు మూటకట్టి తిరిగిచ్చేటప్పుడు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. తర్వాత మొహం కడుక్కుని, ఫాల్సు కుట్టాల్సిన చీర ఒకటుంటే తీసుకుని కూర్చున్నాను. మా ఆయన కండువా మడతపెట్టి బీరువాలో పెట్టేశాడు. నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అయినా క్షమించమని నేను అడగలేదు. అడిగేంత తప్పు చేశానని నాకు ఇప్పటికీ అనిపించదు.

సంతకాలన్నీ పోగయ్యాక అందరం కలిసి సాక్‌చీ వైపు వెళ్ళి జిల్లా ఆఫీసులో ఇచ్చాం, అక్కడినుంచి పైకి పంపమని. దీదీ, ఇద్దరు ముగ్గురు మాస్టార్లు, కాంట్రాక్టు పని పోయిన మగవాళ్ళు కొందరు, మా గోవింద్‌పూర్ ఆడవాళ్ళం ఒక ఆటో నిండా. మా పక్కింటి ముసలామె కూడా వస్తానని పట్టుబట్టింది. ఆటోలో నా భుజం పట్టుకుని కూర్చుంది. గేటు దగ్గర పోలీసులు అందర్నీ లోపలికి వదలం, కొందరే వెళ్ళండన్నారు. దీదీ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు రా," అంది.

లోపల ఉన్న ఆఫీసరు చిన్నవాడు, మంచిగానే మాట్లాడాడు. కట్ట అంతా తిరగేశాడు. తెలుగు సంతకాలు, ఒడియా సంతకాలు, వేలిముద్రలు చూసుకుంటూ పోయి, "ఎన్నికలు పెట్టడం మా చేతిలో లేదమ్మా. మీకు తెలుసుగా?" అన్నాడు.

"తెలుసు సార్. మీరు పంపడం మీ చేతిలో ఉంది కదా. పంపండి," అన్నాను.

ఆయన నవ్వి, స్టాంపు వేసి, అందినట్టు రాసిచ్చాడు. బయటికొచ్చి దీదీ దాన్ని పైకెత్తి చూపిస్తే మావాళ్ళంతా చప్పట్లు కొట్టారు. రోడ్డుమీద వెళ్ళేవాళ్ళు ఏదో గెలిచామనుకుని ఆగి చూశారు. ముసలామె నన్ను అడిగింది. "అయితే ఎలక్షనెప్పుడే?"

"ఏమో పిన్నీ. అడిగొచ్చాం."

"అడిగీసేం గదా. పద, నాకు ఆకలేత్తంది."

అక్కడే రోడ్డు పక్కన నిలబడి అందరం సత్తుపిండి కూరి నిప్పుల మీద కాల్చిన వేడివేడి లిట్టీలు తిన్నాం.

ఎలక్షన్ రాలేదు. జవాబూ రాలేదు. దీదీ ఇంకోసారి రాసింది, దానికీ రాలేదు. చాలామంది నన్ను చూసి నవ్వేవారు. కూరగాయల దగ్గర, పంపు దగ్గర, "ఏమ్మా, ఎలక్షన్ వచ్చేసిందా?" అనేవారు. "వస్తే మీకే ముందు చెప్తాను," అనేదాన్ని. కొందరు మాత్రం చుట్టూ చూసుకుని, మెల్లిగా, ఆ వీడియో ఎక్కడుంది, చూపించవా అనేవారు. అది నా దగ్గర ఉంటే కదా. వాళ్ళు ఎవరికీ పంపలేదు. కానీ అక్కడ కూర్చున్న ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, నేనన్న మాటలు మాత్రం ఊరంతా పాకాయి. నేను అననివి కూడా కొన్ని కలిశాయి. వేడి టీ మొహాన పోశానని కూడా చెప్పుకున్నారట. పొయ్యలేదు. టీ పంచదార కూడా బాగానే వేసి ఇచ్చాను.

అమ్మాయి ఒక ప్రైవేటు రక్తపరీక్షల సెంటరులో కౌంటరు దగ్గర పనికి చేరింది. గోనెసంచీ మూల నుంచి బయటికి తీసింది. వయసు సడలింపు ఉన్న ఇంకో పరీక్ష ఏదో ఉందట, దానికి చదువుతోంది. వస్తుందో రాదో తెలీదు. కానీ గోడవైపు తిరిగి పడుకోవడం మానేసింది. వయసు దాటిపోయిన పిల్లలంతా ఫోన్లలో ఒక గుంపు పెట్టుకున్నారు. వాళ్ళు అర్జీ రాస్తే భాష దిద్దించడానికి దీదీ దగ్గరికి అగ్రికో వెళ్తుంది. నన్ను రమ్మనదు. "ఆప్ కా హో గయా, అబ్ మేరా," అంటుంది, నీ వంతయిపోయింది, ఇంక నాదని.

మా ఆయన సంగతి. ఒకరోజు టీ కొట్టు దగ్గర పార్టీ కుర్రాడెవడో, ఎలక్షన్ కావాలన్న దర్జీ అమ్మ గురించి వెటకారంగా ఏదో అన్నాడట. మా ఆయన గ్లాసు పెట్టేసి, "ఆవిడ నా ఇంటామె. ఏదన్నా ఉంటే నా ముందు సరిగ్గా అను," అన్నాడట. ఈ మాట ఆయన నాకు చెప్పలేదు, కొట్టు ఆయన భార్య చెప్పింది. ఆ సాయంత్రం ఆయన ఇంట్లోనే అన్నం తిన్నాడు. కూర బాగుందన్నాడు. నేను ఇంకొంచెం వేశాను.

ఆ అధ్యక్షుణ్ణి ఇప్పుడు మార్చేశారు. కొత్తగా వచ్చినతను బూత్ పని మళ్ళీ చూసుకోమని మా ఆయనకి కబురు పెట్టాడు. ఆయన నాలుగు రోజులు ఆలోచించి, చివరికి నేను కుట్టుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎల్లమంటావేటి?"

"నీ ఇష్టం మావా. ఎల్లాలనుంటే ఎల్లు. మీటింగులో మాత్రం నోరు తెరిసి అడుగు."

"అడుగుతానే." బీరువాలోంచి కండువా తీసి దులిపాడు. మళ్ళీ నా వైపు తిరిగి, సగం నవ్వుతూ సగం నిజంగానే అడిగాడు. "సరే గాని, ఎలక్షనొచ్చినప్పుడు నువ్వు మా వాళ్ళకే ఓటేత్తావా?"

"అప్పుడు సూద్దాం," అన్నాను సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ముందు పెట్టమను."